డాక్టరమ్మ వాటా

మా అక్క మత్తు డాక్టరు. ఆపరేషన్ బల్ల మీద మనిషిని నిద్రపుచ్చి, ఆ నిద్రలో ఊపిరి తప్పిపోకుండా కాపలా కాయడం ఆమె ఉద్యోగం. పొట్ట కోసి కుట్టిన డాక్టరుకి దండలు పడేవి, చుట్టాలొచ్చి కాళ్ల మీద పడేవారు. అంతసేపూ ఊపిరి చూసుకున్న ఈమెను మర్నాడు వార్డులో గుర్తుపట్టేవాళ్లే ఉండరు. దానికి నాకు ఒళ్లు మండేది. ఆమెకి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

అవి విశాఖలో ఔటర్ హార్బరు కడుతున్న రోజులు. మాది తగరపువలస పక్కన వ్యవసాయం చేసుకునే కుటుంబం. నాకు వన్‌టౌన్‌లో ఆడపిల్లల బడిలో పంతులమ్మ ఉద్యోగం. ఇద్దరం పూర్ణా మార్కెట్ వెనక సందులో రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. వంట నాది, తినడం ఆమెది. స్టవ్ మీద పాలు పెట్టి చూస్తూ ఉండమంటే, నిజంగానే పొంగి పోయేదాకా చూస్తూ ఉండేది. మత్తు తను ఇస్తుందో, తనే పీలుస్తుందో తెలీదని ఏడిపించేదాన్ని.

ఆ మత్తు వదిలింది సముద్రం వల్ల. సెలవు రోజొస్తే చాలు, స్నానానికి దిగి అలకి కొట్టుకుపోయిన వాళ్లని ఆసుపత్రికి తెచ్చేవారు. ఊపిరి సంగతి కాబట్టి ఆమెను పిలిచేవారు. ఆమె వెళ్లేసరికి చేయడానికేమీ మిగిలి ఉండేది కాదు. మోసుకొచ్చిన వాళ్లని కూర్చోబెట్టి ఒక్కటే అడిగేది, నీళ్లలోంచి తీశాక మొట్టమొదట ఏం చేశారని. ఎవరినడిగినా ఒకటే జవాబు. తిప్పినాం.

తిప్పడమంటే ఏమిటో మా తీరంలో పుట్టిన వాళ్లకి చెప్పనక్కర్లేదు. ఒడ్డున ఉన్న వాళ్లలో బలమైన మగవాడు, మునిగిన మనిషిని తల కిందికి వేలాడేట్టు భుజాన వేసుకుని, ఇసకలో గుండ్రంగా పరుగెడతాడు. నోట్లోంచి నీళ్లు బడబడా కారతాయి. చుట్టూ ఉన్నవాళ్లు అదిగో వచ్చింది, అదిగో వచ్చింది అంటారు. అతను అలిసిపోతే ఇంకొకడు అందుకుంటాడు. నేనూ చిన్నప్పుడు భీమిలి ఒడ్డున చూశాను. ప్రాణం పోసే పద్ధతి అదేనని పెద్దయ్యాక కూడా నమ్మాను. ఆ నీళ్లు పొట్టలోవి, ఊపిరితిత్తుల్లోవి కావని, తిప్పినంతసేపూ ఆ మనిషికి గాలి అందడం లేదని మా అక్క చెబితే, తాతల నాటి నుంచి చేస్తున్న వాళ్లంతా వెర్రివాళ్లా అని దెబ్బలాడాను.

"వెర్రివాళ్లని నేననలేదే. ఎవరూ లెక్క చూడలేదంటన్నాను" అంది.

ఆమెకి కావలసింది ఆ లెక్క. ఒడ్డు మీద మొదటి నిమిషాల్లో జనం ఏం చేస్తున్నారు? ఏం చేసినప్పుడు మనిషి దక్కుతున్నాడు? నోటితో ఊపిరి పోయడం, గుండె మీద నొక్కడం నేర్పితే ఆ నేర్పు చేతుల్లో ఎన్నాళ్లు నిలుస్తుంది? పుస్తకాలన్నీ గంట కొడుతూ అంబులెన్సు వచ్చే ఊళ్ల వాళ్లు రాసినవి. మా ఒడ్డుకి వచ్చేది రిక్షా, అది కూడా దొరికితే. అందుకని ఒడ్డునున్న ప్రతి జాలరిపేటలోనూ జరిగింది జరిగినట్టు రాసే మనిషి ఒకరు ఉండాలి, నేర్పడానికి బొమ్మ కావాలి, భీమిలి దాకా తిరగడానికి బండి కావాలి. అన్నిటికీ డబ్బు కావాలి.

డబ్బు కోసం ఆమె తిరిగిన తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్లు నూరుకోవాలనిపిస్తుంది. పరిశోధనలకి డబ్బిచ్చే ఆఫీసు వారు, ఇందులో పరిశోధన ఎక్కడుంది తల్లీ, ఇది సంఘసేవ, ధర్మసంస్థల్ని అడగండి అన్నారు. ధర్మసంస్థ వారు కాఫీ ఇచ్చి, విని, అబ్బే ఇది పరిశోధన, సర్కారుని అడగాలి అన్నారు. మళ్లీ మొదటి వారి దగ్గరికి వెళితే, మునిగిపోవడం జబ్బు కాదు కదా అన్నారు. ఆ మాట చెబుతూ మా అక్క నవ్వింది. నేనైతే ఆ మనిషిని సముద్రంలో దింపి అడిగేదాన్ని.

ఆమె మాత్రం ఎవరో ఇచ్చేదాకా ఆగలేదు. జీతంలోంచి బొమ్మ చేయించింది. మార్కెట్ వెనక పరుపులు కుట్టే సాయిబుగారు ఉండేవారు. చేతిలో విద్య, నోట్లో వాగ్ధాటి రెండూ పుష్కలం. దూదితో మొండెం కుట్టారు, రొమ్ములో ఫుట్‌బాల్ బ్లాడరు పెట్టారు, ఊదితే పైకి లేచేట్టు, నొక్కితే దిగేట్టు ముప్పై రకాలుగా విప్పి కుట్టారు, ప్రతిసారీ మా అక్కకి ఒక ఉపన్యాసం ఇచ్చారు. మొహం మాత్రం గీయనన్నారు. ప్రాణమున్నట్టు మొహం గీయడం తమకి కూడదని మర్యాదగానే చెప్పారు. మొహం మా అక్క గీసింది. ఆమె బొమ్మలు గీయగలదని ఎవరూ ఎప్పుడూ అనలేదు. పక్కవాటుగా మూతి, ఒక కన్ను పెద్దది. ఆ శాల్తీకి మా నాన్న పాత చొక్కా తొడిగి రిక్షాలో పడుకోబెట్టి తీసుకెళుతుంటే, దారిన పోయేవాళ్లు చెప్పులు విడిచి దండం పెట్టిన రోజులున్నాయి.

మొదట వెళ్లింది మా వీధికి చేపలు తెచ్చే ఆమె పేటకి. ముప్పై ఏళ్లుంటాయి, బుట్ట తల మీద ఉన్నా లేకపోయినా ఒకే నడక. మగవాళ్లకి నేర్పుదామని మా అక్క అనుకుంటే ఆవిడే దారి మార్చింది. "మొగోళ్లందరూ వేటకెల్లిపోతారు కదమ్మా, ఒడ్డునుండీది మేమే" అంది. ఎన్ని పుస్తకాలు చదివినా మాకిద్దరికీ తట్టని మాట. ఆ రోజు నుంచి ఆడవాళ్లకే నేర్పడం మొదలయింది.

పేటకి పెద్ద ఒకాయన ఉండేవాడు. తెల్ల మీసాలు, మాట తక్కువ. ఏ తగువైనా ఆయన ముందు కూర్చుంటేనే తెగేది. మా అక్క అనుమతి అడిగితే కాదనలేదు. నేర్పుకోండి, నన్ను మాత్రం ఆ బొమ్మ దగ్గరికి పిలవకండి అన్నాడు. ఎందుకో చేపలామె తర్వాత నాకు చెప్పింది. కొన్నేళ్ల కిందట ఆయన ఒక్కగానొక్క కొడుకు, పదేళ్లవాడు, తెప్ప బోల్తాపడి మునిగిపోయాడట. పైకి తీసినప్పుడు ఇంకా వెచ్చగానే ఉన్నాడట. తండ్రే భుజాన వేసుకుని తిప్పాడు. ఇంకెవరికీ ఇవ్వలేదు. పొద్దు వాలేదాకా తిప్పాడు.

అది విన్న రాత్రి నాకు అన్నం సయించలేదు. మా అక్క లెక్క ఎటు తేలినా మాకు పోయేదేమీ లేదు. తిప్పడం తప్పని తేలితే మాత్రం ఆ తండ్రి ఏమైపోవాలి? ఆయన ఈ పనిని ఏ రోజైనా ఒక్క మాటతో ఆపేయగలడు. ఆపకుండా ఎందుకు ఊరుకున్నాడో అప్పట్లో నాకు అర్థం కాలేదు.

నేర్పడం అంటే మాటలు కాదు. గుండె నొక్కడం వాళ్లకి సులువుగానే పట్టుబడింది, బుట్టలెత్తే చేతులు. చిక్కంతా ఊపిరి దగ్గర వచ్చింది. పరాయివాడి నోటికి నోరు పెట్టడం ఎలాగ? ఎంగిలి. పైగా ఆడది, మగవాడికి. కన్నబిడ్డ నోట్లో ముద్ద తీసి తినడానికి వెనకాడని వాళ్లు కూడా ముక్కున వేలేసుకున్నారు. పేట పెద్దలు కూర్చుని ఒక మార్గం చెప్పారు. మధ్యలో పైటకొంగు అడ్డు వేస్తే ఎంగిలి కాదు. సరే, కొంగు వేసే నేర్పుదాం అంది మా అక్క.

అక్కడితో ఊరుకుంటే ఆమె మా అక్క ఎందుకవుతుంది? కొంగులోంచి గాలి ఎంత పోతుందో చూడాలంది. ఒక నెలంతా మా ఇంట్లో ఇదే పని. నా చీరలన్నీ ఒక్కొక్కటీ బొమ్మ మూతి మీద వేసి నాచేత ఊదించింది. నేతచీర, మిల్లుచీర, పొడిది, తడిది. బడి నుంచి పిల్లల మీద అరిచి అరిచి వచ్చిన నేను, మూతి వంకర బొమ్మకి ఊపిరి ఊదుతూ కూర్చునేదాన్ని. పక్క వాటా వాళ్లు కిటికీలోంచి చూసి మా గురించి ఏమనుకున్నారో అడగలేదు. చివరికి తేలిందేమిటంటే, పొడిబట్టలోంచి గాలి బాగానే పోతుంది, తడిస్తే మాత్రం బట్ట గోడలా అడ్డుకుంటుంది. తడిసిన కొంగు వేస్తే ఊదడం దండగ.

ఈ సంగతి ఆమె పేటలో చెప్పింది. పొడి గుడ్డ ఒకటి దగ్గరుంచుకోమంది. అందరూ తలలూపారు. సముద్రపొడ్డున, అలల్లో నిలబడి వల దులిపే ఆడవాళ్ల ఒంటి మీద పొడి గుడ్డ ఎక్కడ దొరుకుతుందో మేమెవరమూ ఆలోచించలేదు.

ఆ వేసవిలోనే జరిగింది. దువ్వాడ వైపు నుంచి కాలేజీ కుర్రాళ్లు స్నానాలకొచ్చారు. ఒకడు కొట్టుకుపోయి పేట ముందు తేలాడు. మొదట చూసింది చేపలామె. మెడ లోతు నీళ్లలోకి దిగి జుట్టు పట్టుకుని లాక్కొచ్చింది. ఇద్దరు ముసలాళ్లు తిప్పడానికి చేతులు చాపితే తోసేసింది. ఇసకలో పడుకోబెట్టి కొంగు తీసింది. నీళ్లోడుతోంది. ఒక్కసారి చూసి దాన్ని పక్కకి నెట్టేసి, అందరి ఎదుటా ఆ కుర్రాడి నోటికి నోరు పెట్టింది.

వాడు బతికాడు. సాయంత్రానికి ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఇడ్లీ అడిగాడు. మా అక్క ఆ వేళ ఇంటికొచ్చిన తీరు నేను మరిచిపోలేను. చెప్పులు చేతిలో పట్టుకుని మేడ మెట్లెక్కింది, ఎందుకని అడిగితే తనకే తెలీదంది. నా రెండు చెంపలూ పట్టుకుని పిండింది. ఆ రాత్రి పాలు పొంగి పోయినా నేనేమీ అనలేదు.

ఆ ఆనందం ఎన్నో రోజులు లేదు. చేపలామె మా వీధికి రావడం మానేసింది. కబురు చేస్తే తెలిసిందేమిటంటే, ఆమె భర్త ఇంట్లో అన్నం ముట్టడం లేదు. కొంగు అడ్డు వేస్తే ఎంగిలి లేదన్న మాట మీద పెద్దలు ఒప్పుకున్నారు, ఈమె ఆ మాట దాటింది కాబట్టి పంచాయితీ పెట్టి తప్పు కట్టిస్తామంటున్నారు. తప్పంటే జరిమానా. దానికంటే పెద్దది అవమానం. ఆమెకి తప్పు పడితే పేటలో ఇంకో ఆడది బొమ్మని తాకదని మా ఇద్దరికీ తెలుసు. తాకకపోతే మా అక్క పని అక్కడితో సరి. ఆ సంగతి మా అక్కకి అన్నిటికంటే చివర గుర్తొచ్చింది. మొదట గుర్తొచ్చింది, తడిబట్ట సంగతి చెప్పింది తనే కదా అని.

పంచాయితీ రోజు ఇద్దరం వెళ్లాం. తెప్పల పక్కన ఇసకలో మగవాళ్లంతా కూర్చున్నారు. భర్త దూరంగా, మొహం అటు తిప్పి కూర్చున్నాడు. మా అక్క లేచి, ఇందులో తప్పేదైనా ఉంటే నాదే, తడిబట్టలోంచి గాలి పోదని నేర్పింది నేను అని చెప్పింది. పెద్దలు ఆమె మాట గౌరవంగా విన్నారు, విని పక్కన పెట్టారు. పేట కట్టుబాటు పేటది, తప్పు కట్టాలి అన్నారు. చేపలామె లేచింది.

"కట్టమంటే కట్టీత్తాను. రేపు ఇంకోడు కొట్టుకొత్తే ఆడికీ ఊపిరి పోత్తాను. ఆ తప్పు కూడా ఇప్పుడే కట్టించుకోండి. మాటిమాటికీ ఇంతమంది కూకోడం దేనికి?"

ఆమె గొంతు పెంచి అన్న మాట కాదది, చేపలు బేరమాడినంత మామూలుగా అంది. ఆ క్షణాన ఆవిడ కాళ్లకి దండం పెట్టాలనిపించింది, నేను ఎవరికీ పెట్టని దాన్ని.

పెద్దాయన మా అక్కని దగ్గరికి పిలిచాడు.

"అమ్మా, నాకొక్కటి సెప్పు. ఆ దినం నాను తిప్పకుండా, నువ్వు సెప్పినట్టు సేసుంటే, నా గుంటడు బతికేవోడా?"

మా అక్క ముందు రెండు దారులున్నాయి. బతికేవాడు కాదు, ఆయువు తీరింది అంటే ముసలాయన ఊరటపడతాడు, ఊరటపడ్డ మనిషి మెత్తబడతాడు. బతికేవాడు అంటే తన పద్ధతి గెలుస్తుంది. నేనైతే మొదటిదే చెప్పేదాన్ని, చెప్పమని కళ్లతో సైగ కూడా చేశాను.

"తెలీదు పెద్దయ్యా" అంది మా అక్క. "నాకే కాదు, ఎవరికీ తెలీదు. అది తెలుసుకుందామనే తిరుగుతన్నాను."

అంత చదువుకున్న మనిషి, అంతమంది ముందు, తన పనంతా పోయే వేళ తెలీదని అనడానికి ఎంత గుండె ఉండాలో నాకు అప్పుడు తెలిసింది. చెల్లెల్నని గర్వపడ్డాను. పెద్దాయన తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"తెలుసుకో. తెల్సినాక నాకొచ్చి సెప్పాల. మెత్తగా సెప్పకు, ఉన్నదున్నట్టు సెప్పు. అందాకా ప్రెతి వలలోనూ నీకో వాటా."

వేట నుంచి రాగానే ఒడ్డున చేపల్ని వాటాలు వేయడం వాళ్ల పద్ధతి. తెప్పకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా, గంగమ్మ పండక్కి కొంత. ఆ రోజు నుంచి డాక్టరమ్మ వాటా అని ఇంకో కుప్ప పడింది. తప్పు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. భర్త ఆ పూటే వెళ్లి భోజనానికి కూర్చున్నాడని, రెండుసార్లు వడ్డించుకున్నాడని చేపలామె తర్వాత చెప్పి నవ్వింది.

ఆఫీసులు ఇవ్వని డబ్బు చేపలిచ్చాయి. ఆ వాటా చేపలామే అమ్మిపెట్టేది. పక్క పేటల వాళ్లు కూడా, ఆ పేటకి తీసిపోయామా అని, తమ వాటాలు వేయడం మొదలుపెట్టారు. వేట పడని రోజుల్లో మా అక్క పనీ నెమ్మదించేది. చేపలు పడ్డాయంటే కొత్త పేటకి కొత్త బొమ్మ వెళ్లేది. నేర్చుకున్న ఆడవాళ్లని కొన్ని నెలలాగి చెప్పకుండా వెళ్లి పరీక్షించేది. నేను బడిలో పెట్టిన పరీక్షలకి ఎప్పుడూ రానన్ని మార్కులు వాళ్లకి వచ్చేవి. ఎవరు మరిచిపోతున్నారు, ఎందుకు మరిచిపోతున్నారు, ఒడ్డున ఏం చేస్తే ఎవరు దక్కారు, ఎవరు దక్కలేదు, అన్నీ ఓపికగా రాసింది. ఏళ్లు పట్టింది. ఈలోగా హార్బరు పూర్తయింది, దువ్వాడ అవతల ఉక్కు కర్మాగారం లేస్తోంది, ఆమెకి కళ్లజోడు, నాకు పెళ్లి వచ్చాయి. పని పూర్తయి వ్యాసం రాసి వైద్య పత్రికకి పంపితే, ధనసహాయం చేసిన సంస్థ పేరు రాయలేదని తిప్పి పంపారు. చేపల వేటగాళ్ల వాటా అని రాసింది. అలాంటి సంస్థ ఉందా అని మళ్లీ ఉత్తరం వచ్చింది. ఉందని రాసింది.

వ్యాసం అచ్చయిన వారమే పేటకి బయలుదేరింది. నేను వెనకాలే పడ్డాను. పెద్దాయనకి అప్పటికి చూపు తగ్గింది, తెప్ప ఎక్కడం మానేశాడు. ఈ వయసులో ఆయనకి ఆ మాట చెప్పి ఏటి లాభమని రిక్షా ఎక్కిన దగ్గర్నుంచి పోరాను. ఇంకా సరిగ్గా తేలలేదని చెప్పమన్నాను. ఆయన అడిగి ఎన్నేళ్లయిందో, మరిచిపోయి ఉంటాడన్నాను.

"అడిగింది ఆయనే. జవాబు ఆయనది, నాది కాదు దాచుకోడానికి" అంది.

ఆయన మరిచిపోలేదు. గొంతు వినగానే తెల్సిందా అమ్మా అన్నాడు. మా అక్క ఇసకలో ఆయన ఎదురుగా కూర్చుని చెప్పింది. తిప్పితే కారేది పొట్టలో నీళ్లని, తిప్పినంతసేపూ ఊపిరి అందదని, ఆ సేపే మనిషి దక్కే సేపని. వెంటనే ఊపిరి పోసిన వాళ్లలో చాలామంది దక్కారని, తిప్పిన వాళ్లలో దక్కింది తక్కువని. ఆయన కొడుకు తప్పకుండా బతికేవాడని తను చెప్పలేనని, బతకడానికి దారి మాత్రం ఉండేదని. ఒక్క మాట మెత్తగా చెప్పలేదు.

ఆయన ఏడవలేదు. మోకాళ్ల మీద చేతులాన్చుకుని లేచాడు. అవతల వాటాలు వేస్తున్న వాళ్లని, వలలు దులుపుతున్న ఆడవాళ్లని, అందర్నీ దగ్గరికి రమ్మని కేకేశాడు. వాళ్లొచ్చి నిలబడేదాకా ఆగాడు.

"నా గుంటణ్ణి నానే తిప్పినాను. ఆడి పేణం నా బుజం మీదే పోయింది. మీరెవులూ తిప్పకండి."

అంత చెప్పి, తడుముకుంటూ తిరిగొచ్చి మా అక్క పక్కన కూర్చున్నాడు.